గవర్నర్ గారి వంటింటి గోడ

మీరు చదివిన బడికి, మీ పిల్లలు చదువుతున్న బడికి ఎవరి పేరు పెట్టారో తెలుసు కదా, ఆ మనిషి బతికుండగా ఏం చేశాడో చెప్పగలరా? గుమ్మం పక్కన ఇత్తడి పలక మీద చెక్కినది కాదు. మొత్తం చెప్పగలరా?

చెప్పలేకపోతే మీరొక్కరే కాదు. అది చెప్పడానికే ప్రభుత్వం జీతమిచ్చి పెట్టుకున్న నేను ఒక సాయంత్రం నిండు సభలో సగం చెప్పి కూర్చున్నాను. ఆ సంగతి ఇప్పుడు అమెరికాలో ఫ్రిస్కోలోనూ కాపెల్‌లోనూ ఆష్‌బర్న్‌లోనూ పెరుగుతున్న మన కుర్రవాళ్ళకు చెప్పాలనిపించింది. ఏటా మీ ఇళ్ళ చుట్టూ కొత్త బడులు లేస్తున్నాయి. వాటికి పేర్లు కావాలి. పేరు పెట్టేముందు స్కూల్ బోర్డు మీ అభిప్రాయం అడుగుతుంది. ఆ వేళకు మీరు కాస్ట్‌కోలో సరుకులు కొంటూ ఉంటారు.

నేను రిటైరయ్యే దాకా చేసింది గైడు ఉద్యోగం. మా ఆవిడ నర్సు ఉద్యోగం పట్టుకుని ఈ దేశం వచ్చాం. గుంటూరులో కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పిన నాకు ఇక్కడ ఎవరూ క్లాసు అప్పగించలేదు, ఒక ఇల్లు అప్పగించారు. దక్షిణాది రాష్ట్రాల్లో ఒకదాన్ని పంతొమ్మిదో శతాబ్దంలో ఏలిన గవర్నర్ గారు కట్టుకున్న ఇల్లది. ఇప్పుడు మ్యూజియం. మనవాళ్ళ పార్టీల్లో, "ఏ క్లయింటండీ?" అని అడిగేవాళ్ళు. "గవర్నర్" అనేవాణ్ణి. "స్టేట్ ప్రాజెక్టా! బాగా స్టేబుల్ అండీ" అని మెచ్చుకునేవాళ్ళు. పోయి వందేళ్ళు దాటిన క్లయింటు కంటే స్టేబుల్ ఎవరుంటారు?

ఆయన పేరు చెప్పను. చెబితే అలాంటివాడు ఆయనొక్కడే అనుకుంటారు.

నది దాటించే పడవవాడి కొడుకు. తండ్రి ఆ నదిలోనే పోతే, చిన్నప్పుడే గుర్రపు జీనులు కుట్టే దుకాణంలో పనికి కుదిరాడు. ఒళ్ళో తోలు, ఎదురుగా బల్ల మీద ఎరువు తెచ్చుకున్న లా పుస్తకం. అలా చదివి ప్లీడరయ్యాడు, శాసనసభకు వెళ్ళాడు. అంతర్యుద్ధంలో బానిసత్వం నిలవాలన్న పక్షాన పోరాడి, కాలు ఈడ్చుకుంటూ ఇంటికి వచ్చాడు. యుద్ధం ముగిశాక, రాష్ట్రం దివాలా తీసి ఉండగా గవర్నరయ్యాడు, రెండోసారీ గెలిచాడు. తనకు బడి లేకపోయింది కనక ఊరూరా ఉచిత బడి పెట్టించాడు. చెవిటి పిల్లలకు ప్రత్యేకంగా ఒక బడి కట్టించాడు. రైలు తెచ్చాడు. ఒక్క లంచం ముట్టలేదు. ముందు గదిలో అద్దాల పెట్టెలో ఆయన తోలు కుట్టిన సూది ఇప్పటికీ ఉంది. దాన్ని చూపించి నేను ఈ కథ చెబుతుంటే కళ్ళు తుడుచుకున్నవాళ్ళు ఉన్నారు.

ఇదంతా నిజమే. ఇది ముందు గది.

వెనక వంటిల్లుంది. ఇల్లంతా తెల్లగా సున్నపు పూత ఉంటుంది కానీ వంటింటి గోడలకు పూత లేదు, ఇటుకలు బయటికి కనిపిస్తాయి. పచ్చి ఇటుకను అచ్చులోంచి తీసి ఆరబెట్టేటప్పుడు పట్టుకున్న వేళ్ళ గుర్తులు కొన్ని ఇటుకల మీద అలాగే కాలి నిలిచిపోయాయి. ఎవరివా వేళ్ళు? ఖైదీలవి. ఖజానా ఖాళీగా ఉంది, జైలు పోషించడం దండగ అని గవర్నర్ గారు ఖైదీలను గుత్తకిచ్చాడు. చెరువులో చేపలు, తోటలో మామిడికాయలు గుత్తకిచ్చినట్టే, మనుషులను రైలు కంపెనీకి, బొగ్గు గనులకు, ఇటుక బట్టీలకు ఇచ్చాడు. వాళ్ళలో ఎక్కువమంది నిన్నమొన్ననే బానిసత్వం నుంచి విడుదలైన నల్లవాళ్ళు. పని లేకుండా తిరుగుతున్నాడని ఒకణ్ణి, పంది పిల్లను ఎత్తుకుపోయాడని ఒకణ్ణి పట్టుకున్నారు. డబ్బు పోసి బానిసను కొన్నవాడికి మనిషి చస్తాడేమోనన్న దిగులైనా ఉండేది. గుత్తదారుకు ఆ దిగులూ లేదు, చస్తే ఇంకొకణ్ణి పంపేవాళ్ళు. వచ్చిన గుత్త సొమ్ము ఎక్కడికి పోయింది? ఇందాక మీరు మెచ్చుకున్న ఉచిత బడులకు పోయింది. ఆ బడుల్లో మంచివన్నీ ఏ రంగు పిల్లలకు దక్కాయో వేరే చెప్పాలా?

మంచిపని ఒక మనిషిదీ చెడ్డపని ఇంకొకడిదీ అయితే చరిత్ర చెప్పడం ఎంత సులువు! ఇక్కడ రెండూ ఒకే చేతివి. ఒకదాని ఖర్చు ఇంకొకటి భరించింది.

ఇక నా పద్ధతి సంగతి. గుంటూరులో మాకు ఒక హేతువాద సంఘం ఉండేది. ఆదివారం సాయంత్రాలు లైబ్రరీ మేడ మీద వాదాలు నడిచేవి. దేవుడు ఉన్నాడా, శకునాలు నిజమా, జాతకం చూసి పెళ్ళి చేయాలా అని గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకునేవాళ్ళం. మాకు వాదం నేర్పిన పెద్దాయన ఒకటే నియమం పెట్టాడు. ముందు పూర్వపక్షం. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బలంగా నువ్వే చెప్పాలి. అది విని వాడు తలూపాలి. అప్పుడు ఖండించాలి. జ్యోతిష్కుడి తరఫున నేను ఎంత బాగా వాదించేవాణ్ణంటే, ఒకాయన సభ అయ్యాక వాళ్ళమ్మాయి జాతకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. అప్పుడే నాకు బుద్ధి రావలసింది.

మ్యూజియంలో నా టూరు ఆ వరసలోనే నడిచేది. ముందు గదిలో గవర్నర్ గారి పక్షం నిండుగా, వంటింట్లో ఖండన. మధ్యలో ఒకటుంది. ముందు గదికీ వంటింటికీ నడుమ గిఫ్ట్ షాపు పెట్టారు. అందులో పీకాన్ గింజల మిఠాయి, పీచ్ జామ్, గవర్నర్ గారి బొమ్మ వేసిన కప్పులు. ఆ షాపుకు వీధిలోకి తలుపుంది. వంటింట్లో ఏసీ లేదు.

నాతోపాటు పనిచేసిన ఇంకో గైడు నల్లజాతి ఆవిడ, అంతకుముందు చాలాకాలం టీచరుగా చేసింది. తన టూరు వంటింటి నుంచే మొదలుపెట్టేది. నన్ను ప్రొఫెసర్ అని పిలిచేది. ఆ పిలుపులో గౌరవం పాళ్ళు ఎంతో నాకు ఎప్పుడూ తేలలేదు.

"ప్రొఫెసర్, నువ్వు కేకు ముందు పెట్టి కూర తరవాత వడ్డిస్తావు. కేకు తిన్నవాడు కూర కోసం కూర్చుంటాడా?" అంది ఒకసారి.

"ఎదుటి పక్షం ముందు చెప్పకపోతే అది న్యాయం కాదు."

"గవర్నర్ గారికి నువ్వు న్యాయం చేసేలోపు నీ జనం జామ్ కొనుక్కుని బస్సెక్కేస్తున్నారు. ఒకసారి వెనక్కి తిరిగి చూసుకో."

నేను చూసుకోలేదు. నా పద్ధతి మీద నాకు అంత నమ్మకం. అది అక్కరకు వచ్చే గుణమే. అప్పుడప్పుడు వెనక్కి చూడాలి, అంతే.

ఒక శనివారం మాకు తెలిసిన తెలుగు ఇంటావిడ, ఎనిమిదో తరగతి చదివే కూతుర్ని తీసుకొచ్చింది. స్కూల్లో రాష్ట్ర చరిత్ర ప్రాజెక్టు. తల్లికీ కూతురికీ కూడా నేను అంకుల్‌నే. అమెరికా తెలుగులో వరసలు అక్కడితో ఆగిపోయాయి. ఆ పిల్ల కళ్ళార్పకుండా విన్నది. సూది దగ్గర ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. నాకూ ఉత్సాహం హెచ్చింది, పూర్వపక్షం మామూలు కంటే పొడుగైంది. గిఫ్ట్ షాపులోకి రాగానే తల్లి ఫోన్ చూసుకుంది.

"అయ్యో అంకుల్, కూచిపూడికి లేటయితే మేడం క్లాసంతా నిలబెట్టేస్తారు. మిగతాది వాట్సాప్ చేసేయండి ప్లీజ్."

"మిగతాదే అసలుదమ్మా."

"అందుకే కదా, తీరిగ్గా చదువుతుంది!"

కారు వెళ్ళిపోయింది. నేను వాట్సాప్ చేయలేదు. ఆ ఇటుకను చేత్తో తాకాలి గాని ఫోన్‌లో చూసేదేమిటని నా పట్టుదల.

కొన్నాళ్ళకు మా తెలుగు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. వాళ్ళుండే పేటలో కొత్త హైస్కూలు కడుతున్నారు. దానికి గవర్నర్ గారి పేరు పెట్టాలని తరతరాలుగా ఇక్కడే ఉన్న పాత కుటుంబాలవాళ్ళు అడుగుతున్నారు, వద్దని మా గైడావిడా మరికొందరూ అంటున్నారు. స్కూల్ బోర్డు సమావేశంలో మైకు ముందు ఈ పిల్ల నిలబడి ఉంది. పడవవాడి కొడుకు, ఒళ్ళో తోలు, ఎదురుగా లా పుస్తకం. గొంతు ఆ పిల్లది, వాక్యాలు నావి. "ఇమిగ్రెంట్ కుటుంబం నుంచి వచ్చిన నాకు ఆయనే ఇన్‌స్పిరేషన్" అని ముగించింది. హాలు లేచి నిలబడింది. గ్రూపులో "సూపర్ తల్లీ", "ప్రౌడ్ మూమెంట్", దండాల బొమ్మలు. చూడండి, కొత్తగా వచ్చినవాళ్ళ పిల్లలే ఆయన్ను కోరుకుంటున్నారు అని పాతవాళ్ళకు గొప్ప సాక్ష్యం దొరికింది. తరవాతి సమావేశంలో ఓటు.

ఫోన్ చేసి రమ్మన్నాను. ఆదివారం మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు వచ్చారు. ఈసారి షాపు దగ్గర ఆపనివ్వకుండా తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్ళాను. మా గైడావిడ అక్కడే ఉంది. ఖైదీల సంగతంతా చెప్పాను. పిల్ల మొహం ఎర్రబడింది.

"అంకుల్, నేను చెప్పింది అంతా మీరు చెప్పిందే. వర్డ్ టు వర్డ్. ఇప్పుడు రాంగ్ అంటే ఎలా?"

"రాంగ్ కాదమ్మా. సగం."

"సగం అని అప్పుడు చెప్పాలి కదా!"

"చెప్పాను. మీ అమ్మకు చెప్పాను."

"ఓ, ఇప్పుడు మమ్మీ మీద పెట్టేస్తున్నారా?"

"నన్ను లాగకండి బాబూ, నేను డ్రైవర్‌ని మాత్రమే" అంది తల్లి.

మా గైడావిడకు తెలుగు రాదు గాని తగాదా ఏ భాషలోనైనా అర్థమవుతుంది. పిల్ల చెయ్యి పట్టుకుని ఒక ఇటుక దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడున్న గుర్తులో వేలు పెట్టమంది. పిల్ల చూపుడు వేలు అందులో పట్టలేదు. చిటికెన వేలు పట్టింది.

"గుత్తకు పోయినవాళ్ళలో పిల్లలూ ఉన్నారు" అంది ఆవిడ.

పిల్ల చెయ్యి తీసేసుకుంది. "నా వీడియో అందరూ చూశారు" అంది. "ఇప్పుడు వెళ్ళి సారీ, నాకు తెలీదు అంటే స్కూల్లో అందరూ నవ్వుతారు. నెక్స్ట్ ఇయర్ ఆ స్కూల్‌కి వెళ్ళేది నేను అంకుల్, మీరు కాదు."

వాదంలో ఓడినవాడికి ఏం చెప్పాలో మా పెద్దాయన నేర్పాడు. నన్ను నమ్మి నిజమే చెప్పి సగంలో చిక్కుకున్న పిల్లకు ఏం చెప్పాలో నేర్పలేదు.

ఇంకా ఇంటికి రాలేదేమని వాళ్ళ నాన్న వచ్చి గుమ్మంలోనే నిలబడి, విషయం విన్నాడు.

"వదిలేయండి సార్. మళ్ళీ మీటింగూ వద్దు, మైకూ వద్దు. మా గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. వీడియోలు, కామెంట్లు, మనకెందుకు చెప్పండి?"

"మొదటిసారి మాట్లాడినప్పుడు ప్రాసెస్ గుర్తురాలేదా?"

"పొగిడితే ఎవరికీ ప్రాబ్లం ఉండదు కదండీ."

కుర్రవాళ్ళారా, ఆ ఒక్క మాట దగ్గర ఆగండి. ప్రపంచంలో ఏ విగ్రహం పునాది తవ్వినా అడుగున ఈ వాక్యమే దొరుకుతుంది. కటౌట్‌కు పాలు పోసేవాడూ, నాయకుడి పుట్టినరోజుకు చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టేవాడూ, ఇక్కడ ముక్కూ మొహం తెలియని గవర్నర్‌కు చప్పట్లు కొట్టేవాడూ ఆ వాక్యం మీదే నిలబడ్డారు. ఆ తండ్రిని నేను తప్పుపట్టను. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. అయితే భయపడినవాడు నోరు మూసుకుంటే అర్థముంది. భయపడి పొగడటం ఏమిటి?

ఓటు రోజు వచ్చింది. మా మేనేజరమ్మ ముందే చెప్పింది. "ఊరివాడిగా మాట్లాడు, నాకు అభ్యంతరం లేదు. మ్యూజియం బ్యాడ్జి మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళు." ఆవిడ ముత్తాత గవర్నర్ గారితో పేకాడినవాడు. అయినా ఆ మాట అన్నదంటే మెచ్చుకోవాలి. మా గైడావిడ దారంతా పాఠం చెప్పింది. "మూడు నిమిషాలే ఇస్తారు. ఇటుకతో మొదలుపెట్టు. సూది ఎత్తావంటే చంపేస్తాను."

హాలు నిండిపోయింది. మైకు దగ్గర బల్ల మీద టైమ్ చూపించే మూడు రంగుల దీపం. మాట్లాడేవాళ్ళ పేర్లు గోడ మీద తెరపై వేశారు. నా పేరు కింద ఆ పిల్ల పేరుంది. ఏ పక్షమో రాయలేదు. వాళ్ళ నాన్న తలుపు పక్కన కుర్చీలో, బయటికి పరిగెత్తడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చున్నాడు.

మైకు ముందు నిలబడ్డాను. ఇటుక నాలుక చివరే ఉంది. ఎదురుగా మొదటి వరసలో పాత కుటుంబం ముసలాయన, నేనేం తిడతానోనని బిగుసుకుని కూర్చున్నాడు. ఆయన మొహం చూడగానే లైబ్రరీ మేడ గుర్తుకొచ్చింది. ఈయన తలూపాలి. తలూపాక ఖండించాలి. "మొదట ఆయన పక్షం చెబుతాను" అన్నాను. పడవ, నది, తోలు, సూది. ముసలాయన తలూపాడు. ఇంకాస్త బలంగా చెప్పాను. మళ్ళీ తలూపాడు. జీవితంలో అంత గొప్ప పూర్వపక్షం నేను చెప్పలేదు. దీపం పసుపు రంగుకు మారింది. చెవిటి పిల్లల బడి మిగిలిపోయిందే అని అదీ చెప్పాను. గుండెల నిండా గాలి పీల్చుకుని, "హవెవర్..." అన్నాను.

ఎర్ర దీపం వెలిగింది.

"థాంక్యూ సర్, టైమ్ అయిపోయింది" అంది అధ్యక్షురాలు. మైకు ఆగిపోయింది. గవర్నర్ గారి పక్షం మొత్తం చప్పట్లు కొట్టింది. ముసలాయన లేచి నా భుజం తట్టాడు. నా కుర్చీలోకి వచ్చి కూలబడితే, మా గైడావిడ రెండు చేతులతో మొహం కప్పుకుని ఉంది.

"ప్రొఫెసర్, ఆయన బతికుంటే ఎన్నికల ప్రచారానికి నిన్నే పెట్టుకునేవాడు" అంది వేళ్ళ సందుల్లోంచి.

తరవాత ఆ పిల్ల లేచింది. మైకు కిందికి వంచుకుంది. చేతిలో కాగితం లేదు.

"నా ముందు మాట్లాడిన అంకుల్‌కి హవెవర్ దగ్గర టైమ్ అయిపోయింది. మా తెలుగు ఫంక్షన్స్‌లో ప్రతి స్పీచ్ ఇలాగే ఉంటుంది, సో నాకు అలవాటే." హాలు నవ్వింది. ముసలాయనా నవ్వాడు. "హవెవర్ తరవాత ఏముందో నేను చెప్తాను. లాస్ట్ మంత్ నేను ఇక్కడ చెప్పింది అంతా నిజం. కానీ అది ఆ ఇంట్లో ముందు గది. నాకు డాన్స్ క్లాస్ ఉండి వెళ్ళిపోయాను. ఈసారి వెనక గదికి వెళ్ళాను."

ఇటుక సంగతి చెప్పింది. గుత్త సంగతి చెప్పింది. సొమ్ము ఏ బడులకు పోయిందో చెప్పింది. చిటికెన వేలు పైకెత్తి చూపించింది.

"ఆ స్కూల్‌లో నేను ఫస్ట్ బ్యాచ్. నా జెర్సీ మీద ఆ పేరు ఉంటుంది. ఈ వేలు ఎవరిదో వాళ్ళ పేరు ఎవరికీ తెలీదు. ఆయన పేరు మాత్రం నేను వేసుకుని తిరగాలా? లాస్ట్ మంత్ నేను ఇచ్చిన సపోర్ట్ ఇప్పుడు విత్‌డ్రా చేస్తున్నాను. నవ్వాలంటే నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. దీపం ఇంకా ఆకుపచ్చగానే ఉంది. నేను మూడు నిమిషాల్లో గడప దాటలేకపోయిన చోట ఆ పిల్ల ఇల్లంతా తిప్పి చూపించి, ఇంకా టైమ్ మిగిల్చింది.

మాట్లాడినవాళ్ళను ప్రశ్నలు అడగకూడదన్న నియమం పక్కన పెట్టి బోర్డు సభ్యుడొకాయన అడిగాడు. "మరి ఏ పేరు పెట్టమంటావమ్మా?"

"నాకు తెలీదు. ముందు మీరు ఆ వంటింటికి వెళ్ళి చూడండి. తరవాత పెట్టండి."

ఓటు వాయిదా పడింది. బోర్డువాళ్ళు నిజంగానే ఒక రోజు మ్యూజియానికి వచ్చారు. భుజం తట్టిన ముసలాయనా వచ్చాడు. మా గైడావిడే తిప్పింది, నన్ను మాట్లాడనివ్వలేదు. ఆ ముసలాయన ఇటుక ముందు చాలాసేపు నిలబడ్డాడు. "చిన్నప్పటి నుంచీ ఈ ఇంటికి వస్తున్నాను. ఈ గదిలోకి ఎప్పుడూ రాలేదు" అన్నాడు. మనసు మారిందని చెప్పలేదు, నేనూ అడగలేదు. చివరికి బడికి పక్కన పారే వాగు పేరు పెట్టారు. "మంచిదే. వాగు ఎవర్నీ గుత్తకివ్వదు" అంది మా గైడావిడ.

ఓటు వాయిదా పడిన రోజున పార్కింగ్ లాట్‌లో ఆ పిల్ల నాన్న నా దగ్గరికి వచ్చాడు. "బాగా మాట్లాడింది కదండీ?" అన్నాడు. గొంతులో భయం, గర్వం సగం సగం. "గ్రూపులో పెట్టమంటారా?"

"మొదటిది పెట్టారుగా."

పెట్టాడు. పొగడ్తకు వచ్చినన్ని దండాల బొమ్మలు ఖండనకు రాలేదు. అయినా పెట్టాడు. ఆ రాత్రి ఆ ఇంట్లో గ్రీన్ కార్డ్ కంటే పెద్దది ఒకటి ప్రాసెస్ అయిందని నేను అనుకుంటాను.

మర్నాటి నుంచి రిటైరయ్యే దాకా నా టూరు వంటింటి నుంచే మొదలైంది. పూర్వపక్షం మానేశానా? లేదు. మా పెద్దాయన చెప్పింది తప్పని ఇప్పటికీ అనను. సూదీ చూపించాను, బడుల సంగతీ ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాను. కాకపోతే ఇటుక తాకి వచ్చినవాళ్ళు ఆ సూదిని చూసే చూపు వేరు. "తోలు కుట్టి పెరిగినవాడికి చేతి కష్టం తెలియదా? తెలిసీ మనుషులను ఎలా గుత్తకిచ్చాడు?" అని వాళ్ళే అడిగేవాళ్ళు. ఆ ప్రశ్న నా పాత వరసలో ఒక్కరూ అడగలేదు. దేవుడినే సాక్ష్యం అడిగిన సంఘంలో పెరిగిన నేను, జనం ఎక్కడ ఇంటికి వెళ్ళిపోతున్నారో చూసుకోవడం మరిచాను. ఖండన వినేదాకా జనం కూర్చుంటారనుకోవడం కూడా ఒక మూఢనమ్మకమే.

మీకు చెప్పవలసింది ఇక ఒకటే. మీ ఊరి స్కూల్ బోర్డు ఎప్పుడు కూర్చుంటుందో ఈ రోజే కనుక్కోండి. ఈలోపు బడికి ఎవరి పేరు పెడతామంటున్నారో ఆ మనిషి ఇంటికి వెళ్ళి, షాపు దాటి, వెనక గది దాకా నడవండి. తరవాత మీ పేరు రాయించుకుని మైకు ముందు నిలబడండి. వెనక గదిలో చూసినది మొదటి వాక్యంలోనే చెప్పండి.